కింగ్, మాస్టర్, శాంతరాజు: పేరు పెట్టే అధికారం

మనిషికి ఉన్న ఆస్తిపాస్తుల్లో అందరికంటే ముందుగా దక్కేది పేరు. భూమి లేనివాడికీ, ఇల్లు లేనివాడికీ పేరు ఉంటుంది. అందుకే కాబోలు, దాన్ని ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఎవరు ఎలా పిలిచారు అన్న ప్రశ్నలను మన విమర్శ అంతగా పట్టించుకోలేదు. కథలోని పాత్ర భాషను పరిశీలిస్తాం, వర్గ స్వభావాన్ని విశ్లేషిస్తాం; పాత్ర పేరును మాత్రం రచయిత ఇష్టానికి వదిలేస్తాం. పేరు కూడా సామాజిక సంబంధాల నుంచే పుడుతుందనీ, భూమిలాగే అది కూడా పోరాటానికి వస్తువు అవుతుందనీ ఈ వ్యాసంలో చూపదలచుకున్నాను. ఇందుకు నేను తీసుకున్న ఉదాహరణలు రెండు. ఒకటి, అమెరికాలోని నల్లజాతి ప్రజల్లో వినిపించే కొన్ని అరుదైన మగపిల్లల పేర్లు. రెండవది, మార్కాపురం, గిద్దలూరు, కంభం, కనిగిరి ప్రాంతాల దళితవాడల్లో వినిపించే పేర్లు. ఈ రెంటికీ మధ్య సముద్రాలు ఉన్నాయి. కాని పోలిక నేను తెచ్చిపెట్టింది కాదు, చరిత్రే తెచ్చిపెట్టింది.

1

అమెరికాలో నల్లజాతి పేర్లు అనగానే 1960ల తర్వాత పుట్టుకొచ్చిన కొత్త పేర్లే చాలామందికి గుర్తుకు వస్తాయి. ఈ అభిప్రాయం సరికాదని లిసా కుక్, ట్రెవన్ లోగన్, జాన్ పార్మన్ అనే ఆర్థిక చరిత్రకారులు 2014లో చూపించారు. పాత జనాభా లెక్కల పత్రాలనూ, మరణ ధ్రువపత్రాలనూ వారు జల్లెడ పట్టారు. బానిసత్వం రద్దయిన తర్వాతి తరాల్లో నల్లవారు విరివిగా పెట్టుకుని, తెల్లవారు అరుదుగా పెట్టుకున్న మగపేర్లు వారికి కొన్ని కనిపించాయి. మోజెస్, ఐజక్, ఎలైజా, అబ్రహాం వంటి బైబిలు పేర్లు ఒక వర్గం. ఫ్రీమన్, అంటే స్వతంత్రుడు, ఒక పేరు. అన్నిటికంటే ఆశ్చర్యం గొలిపేవి మరో మూడు: కింగ్, ప్రిన్స్, మాస్టర్. రాజు, యువరాజు, యజమాని!

యజమాని చేతి కొరడా దెబ్బలు తిన్న వారి వారసులు తమ బిడ్డకు 'యజమాని' అని ఎందుకు పేరు పెట్టుకున్నారు? జవాబు కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పడమటి ఆఫ్రికాలోని అకాన్ ప్రజలు బిడ్డ పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. సోమవారం పుట్టిన మగబిడ్డ కోజో, శుక్రవారం పుట్టినవాడు కోఫీ, శనివారం పుట్టినవాడు క్వామే. మన ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో సోమ, మంగళ, సుక్రు అని పిలుచుకునే గిరిజనుల పద్ధతీ ఇదే. ఓడల్లో గొలుసులతో వచ్చినవారితోపాటు ఈ పేర్లూ అమెరికా చేరాయి. కోజో కాస్తా కజ్జోగా, కోఫీ కఫీగా మారాయి. చాలాచోట్ల యజమానులు వాటిని తుడిచేసి సీజర్, పాంపే, కేటో అని పేర్లు పెట్టారు. పొలంలో పత్తి ఏరేవాడిని రోమన్ చక్రవర్తి పేరుతో పిలవడం వారికి వినోదం. పేరులోని ఘనత ఎక్కువయ్యేకొద్దీ వెటకారం పదునెక్కేది.

విముక్తి పొందినవాడు మొదట చేసిన పనుల్లో పేరు మార్చుకోవడం ఒకటి. 1838లో పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ బెయిలీ, ఫ్రెడరిక్ డగ్లస్ అయ్యాడు. ఆశ్రయమిచ్చిన మిత్రుడు అప్పుడు వాల్టర్ స్కాట్ కావ్యం చదువుతున్నాడట. అందులోని పాత్ర పేరు ఆయన సూచించాడు. సాహిత్యం ఒక మనిషికి ఇంటిపేరు ఇచ్చిన సందర్భం ఇది. 1843లో ఇసబెల్లా అనే స్త్రీ సోజర్నర్ ట్రూత్ అని తనకు తాను పేరు పెట్టుకుంది. బడిలో హాజరు పిలుస్తుంటే మిగతా పిల్లలకు రెండేసి పేర్లు ఉండడం గమనించి, తన వంతు వచ్చేసరికి వాషింగ్టన్ అనే ఇంటిపేరు అప్పటికప్పుడు తగిలించుకున్నాడు బుకర్ టి. వాషింగ్టన్. ఈ బుకర్ అన్న పేరు కూడా పైన చెప్పిన చరిత్రకారుల జాబితాలో ఉంది.

ఇక కింగ్, మాస్టర్ సంగతి. దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాడు నల్లవాడిని 'మిస్టర్' అని పిలిచేవాడు కాదు. ఎనభై ఏళ్ళ ముసలివాడినీ 'బాయ్' అనేవాడు, లేదా వట్టి పేరుపెట్టి పిలిచేవాడు. ఆ సమాజంలో బిడ్డ పేరే కింగ్ అయితే? వట్టి పేరు పిలిచినా నోటి వెంట గౌరవవాచకం వచ్చి తీరుతుంది. చట్టం ఇవ్వని మర్యాదను వ్యాకరణం ద్వారా రాబట్టుకునే ఉపాయం ఇది. మిస్టర్ టీ అనే నటుడు తన పేరును చట్టబద్ధంగా మార్చుకున్నది ఇందుకే: తండ్రికి దక్కని 'మిస్టర్' అనే మాట తన విషయంలో ఎవరూ తప్పించుకోలేకుండా చేయడానికి.

ఇది చిన్న విషయమని అనుకునేవారికి ఒక కోర్టు కేసు గుర్తు చేస్తాను. 1963లో అలబామా రాష్ట్రంలో పౌరహక్కుల కార్యకర్త మేరీ హామిల్టన్‌ను న్యాయస్థానంలో 'మేరీ' అని పిలిచి ప్రశ్నించారు. తెల్ల సాక్షులను పిలిచినట్టు 'మిస్ హామిల్టన్' అని పిలిస్తేనే జవాబిస్తానని ఆమె పట్టుబట్టింది. కోర్టు ధిక్కారమన్నారు, జైలుకు పంపారు, జరిమానా వేశారు. ఆమె పై కోర్టుకు వెళ్ళింది. 1964లో అమెరికా సుప్రీం కోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ఒక పిలుపు కోసం ఒక మనిషి జైలుకు వెళ్ళవలసి వచ్చింది!

2

ఇప్పుడు మన పడమటి ప్రకాశానికి వద్దాం. ఇది పేర్లు మారిన నేల. కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు. నెల్లూరు జిల్లాలో ఉన్న కనిగిరి, పొదిలి, దర్శి 1970లో ఒంగోలు జిల్లాలో కలిశాయి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. ఆంధ్రదేశంలో తరతరాల పిల్లలు తమ పేరును మొదటిసారి రాసుకున్న పలక కూడా ఎక్కువగా ఇక్కడి రాయే. మార్కాపురం గనుల్లో రాయి తవ్వి, ఆకులు ఆకులుగా చీల్చి, చెక్క చట్రంలో బిగించి దేశమంతటికీ పంపిన శ్రామికుల్లో తమ పేరు రాయడం రానివారు ఎందరో.

ఈ ప్రాంతపు పాత పేర్లు చాలావరకు దేవుళ్ళ చుట్టూ తిరుగుతాయి. మార్కాపురం చెన్నకేశవస్వామి వల్ల చెన్నకేశవులు, చెన్నయ్య, చెన్నమ్మ. కనిగిరి వైపు మాలకొండ నరసింహస్వామి వల్ల మాలకొండయ్య, మాల్యాద్రి. నల్లమల అవతల అహోబిలం వల్ల ఓబయ్య, ఓబులేసు, ఓబులమ్మ. శ్రీశైలం వల్ల మల్లయ్య, శ్రీశైలం. దర్గాలకు మొక్కుకుని పుట్టిన హిందూ బిడ్డలు మస్తానయ్య, దస్తగిరి అయ్యారు. ఈ పేర్లలో మతాల మధ్య గోడలు పలచగా కనిపిస్తాయి. రెడ్డి అయినా మాదిగ అయినా దేవుడి పేరు ఒకటే.

రెండో వరస పేర్లు మృత్యుభయం నుంచి పుట్టాయి. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తళ్ళ మీద దొర్లించి పుల్లయ్య అన్నారు. బిచ్చమెత్తి పేరు పెట్టి బిచ్చయ్య, పిచ్చయ్య అన్నారు. అందవికారమైన పేరు పెడితే యముడి కన్ను పడదని నమ్మకం. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే ముందు, వైద్యుడు లేని పల్లెలో తల్లికి మిగిలిన ఒకే ఒక వైద్యం మాట అని గుర్తించాలి. నైజీరియాలోని యొరూబా తల్లులు కూడా ఇదే చేశారు. బిడ్డలు దక్కని ఇంట్లో పుట్టినవాడికి 'కొసోకో' అని పేరు పెట్టారు. గోతి తవ్వడానికి పలుగు లేదు అని దాని అర్థం. శిశుమరణాలు ఎక్కువగా ఉన్నచోట భాష ఎక్కడైనా ఇలాగే ప్రవర్తిస్తుంది.

అయితే దేవుడి పేరు అందరిదీ ఒకటే అయినా పిలుపు ఒకటి కాలేదు. ఇక్కడే తెలుగు ప్రత్యయాల పని మొదలవుతుంది. రెడ్డిగారింట పుట్టిన చెన్నయ్య చెన్నారెడ్డి అయ్యాడు. వాడలో పుట్టిన చెన్నయ్య 'చెన్నిగాడు' అయ్యాడు. పుల్లయ్య 'పుల్లిగాడు'. 'గాడు' తల్లి నోట ముద్దు మాట, ఈడువాడి నోట చనువు మాట; దొర నోట అది అధికార ముద్ర. పెద్దింటి పదేళ్ళ పిల్లవాడు అరవై ఏళ్ళ పాలేరును 'ఒరే పుల్లిగా' అని పిలిస్తే అది అలబామాలో వినిపించిన 'బాయ్' కంటే వేరు కాదు. పేరు చివరి అక్షరాల్లో భూస్వామ్యం కూర్చుని ఉంది.

3

ఈ పరిస్థితిలో ఒక పెద్ద కుదుపు వచ్చింది. 1866లో కనిగిరి దగ్గరి తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మం పొందాడు. ఆ ఏడాదే జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. తర్వాత 1876–78 నాటి మహాక్షామం. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని ఆకలిగొన్న జనానికి పని చూపించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కంభం, మార్కాపురం, దొనకొండలకు మిషను బడులు వచ్చాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. మతం మారగానే పేరు మారలేదు. ఆనాటి మిషనరీల పుస్తకాల్లో మొదటి తరం బోధకులు పేరయ్యగా, బంగారపు తాతయ్యగానే కనిపిస్తారు. కొత్త పేర్లు వచ్చింది వారి బిడ్డలకు, మనుమలకు. అంటే, కొత్త పేరు నీళ్ళలో మునిగినప్పుడు రాలేదు. బడిలో పలక పట్టినప్పుడు వచ్చింది. యాకోబు, మోషే, ఏలియా, దేవదానం, ప్రభుదాసు, సువార్తమ్మ, కరుణమ్మ హాజరుపట్టీలోకి ఎక్కారు. హాజరు పిలిచే ఉపాధ్యాయుడు పేరు పూర్తిగా చదవక తప్పదు. 'గాడు' లేని పిలుపును ఆ పిల్లలు బడిలోనే మొదటిసారి విని ఉంటారు.

వీటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి 'రాజు'తో ముగిసే పేర్లు: శాంతరాజు, ప్రేమరాజు, విజయరాజు, జయరాజు, రత్నరాజు. బైబిలులో ఈ పేర్లు లేవు. మిషనరీల దేశంలోనూ లేవు. ఇవి ఇక్కడివారే కల్పించుకున్నవి. కోస్తాలో ఒక పాలక కులానికి బిరుదుగా ఉన్న మాటను, ఊరి చివర ఉన్నవారు తమ బిడ్డ పేరులో కలుపుకున్నారు. 'శాంతరాజూ!' అని పిలిచిన ప్రతివాడూ 'రాజూ' అనక తప్పదు. అలబామాలో 'కింగ్' అని పేరు పెట్టిన తండ్రికీ, కంభం చెరువు కింద కూలిపని చేసుకుంటూ 'శాంతరాజు' అని పేరు పెట్టిన తండ్రికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఒకే రకమైన అణచివేత ఒకే రకమైన ఉపాయాన్ని పుట్టించింది. దొరలు దీనికి విరుగుడు కూడా కనిపెట్టారు. 'రాజు'ను 'రాజుగాడు' చేశారు. పేరు ద్వారా వచ్చిన విజయం ఎప్పుడూ సగం విజయమే.

1950లో మరో చిక్కు వచ్చిపడింది. షెడ్యూల్డు కులాల గుర్తింపు హిందువులకే పరిమితమని ఆ ఏడాది రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. దానితో ఒకే మనిషికి రెండు పేర్లు అవసరమయ్యాయి. చర్చిలో పాల్, బడి రికార్డులో పుల్లయ్య. ఏ పెంటకుప్ప నుంచి తాత బయటపడాలనుకున్నాడో ఆ పేరే ధ్రువపత్రం కోసం మనుమడికి మళ్ళీ కావలసి వచ్చింది. రెండు పేర్ల మనిషిని మోసగాడని ఎగతాళి చేసేవారు, రెండు పేర్లు పెట్టుకోవలసిన స్థితిని కల్పించిందెవరో ప్రశ్నించరు.

4

ఒక అరుదైన పేరు వ్యాప్తిలోకి ఎలా వస్తుంది? దీనికి రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఉద్యమం. 1957లో ఘనా స్వాతంత్ర్యం పొందినప్పుడు దాని నాయకుడు క్వామే ఎంక్రుమా పేరు ప్రపంచమంతా మోగింది. తోటల్లో యజమానులు చెరిపేసిన శనివారపు పేరు అమెరికా నల్లవారి ఇళ్ళలోకి గర్వంగా తిరిగి వచ్చింది. స్టోక్లీ కార్మైకేల్ తన పేరును క్వామే టూరేగా మార్చుకున్నాడు. మన దగ్గర జాతీయోద్యమం గాంధీ, బోసు, నెహ్రూ అనే పిల్లలను, కమ్యూనిస్టు ఉద్యమం లెనిన్, స్టాలిన్ అనే పిల్లలను ఇచ్చినట్టే ఇదీ. రెండవ దారి, సాహిత్యం. 1976లో అలెక్స్ హేలీ 'రూట్స్' వచ్చింది. మరుసటి ఏడాది అది టెలివిజన్‌కు ఎక్కింది. ఆ వెంటనే అందులోని కిజ్జీ అనే పాత్ర పేరు అమెరికాలో ఎందరో ఆడపిల్లలకు వచ్చింది. ఆ గ్రంథాన్ని సహవాసి 'ఏడు తరాలు'గా తెలుగు పాఠకులకు అందించారు. పుట్టిన ఎనిమిదో రోజున తండ్రి బిడ్డ చెవిలో పేరు చెప్పే ఘట్టం, కుంటా కింటేను టోబీగా మార్చజూసిన ఘట్టం మన పాఠకులను అంతగా కదిలించడానికి కారణం మన అనుభవంలోనే ఉంది.

వ్యాప్తికి అడ్డంకులూ ఉన్నాయి. 2004లో మారియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ములైనాథన్ అనే పరిశోధకులు బోస్టన్, షికాగో నగరాల్లో ఒకే రకమైన అర్హతలతో దాదాపు ఐదువేల ఉద్యోగ దరఖాస్తులు పంపిన ఫలితాలు ప్రకటించారు. తెల్లపేర్లు ఉన్నవాటికి నల్లపేర్లు ఉన్నవాటికంటే 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. 2007లో సుఖదేవ్ థొరాట్, పాల్ ఎట్‌వెల్ మన దేశంలోని ప్రైవేటు సంస్థలకు ఇలాగే దరఖాస్తులు పంపి చూశారు. సమాన అర్హతలున్నా, దళిత ఇంటిపేరు ఉన్నవారికి పిలుపు వచ్చే అవకాశం సవర్ణ ఇంటిపేరు ఉన్నవారితో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరు ఉన్నవారికి మూడింట ఒక వంతు.

ఈ లెక్కలు చూసి 'పిల్లలకు అందరిలాంటి పేర్లు పెట్టండి' అని హితవు చెప్పేవారు ఉన్నారు. తప్పు పేరులో ఉందా, చదివే కంటిలో ఉందా? కుక్, లోగన్, పార్మన్‌లే 2016లో మరో సంగతి చెప్పారు. పాతకాలపు నల్లపేర్లు ఉన్న పురుషులు, తక్కిన నల్లజాతి పురుషులకంటే సగటున ఒక ఏడాదికి పైగా ఎక్కువ కాలం బతికారు. దానికి పేరులో మహిమ కారణం కాదు. అలాంటి పేర్లు పెట్టే కుటుంబాల్లో, చర్చిల్లో ఉన్న కట్టుబాటు, పరస్పర సహాయం కారణమై ఉంటాయని వారి ఊహ. అంటే పేరు ఒంటరిగా పని చేయదు. దాని వెనుక సమూహం ఉండాలి.

2013లో టెన్నెసీ రాష్ట్రంలో ఒక తల్లి తన బిడ్డకు మెస్సయ్య అని పేరు పెట్టుకుంటే, ఆ బిరుదు క్రీస్తుకే చెందుతుందని ఒక న్యాయాధికారి పేరు మార్చమని ఆదేశించారు. పై కోర్టు ఆ తర్వాతి నెలలో ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఏసుబాబులు వీధికొకరు ఉన్న మన పల్లెల్లో ఆ వివాదమే అర్థం కాదు. ఇరవై ఒకటో శతాబ్దిలో కూడా పేరు పెట్టే అధికారం కోసం తల్లి కోర్టుకు ఎక్కవలసి వచ్చిందన్నదే మనం గుర్తుంచుకోవలసింది.

ప్రకాశం జిల్లా ఈ చరిత్రకు మరో అధ్యాయాన్ని చేర్చింది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలపై జరిగిన మారణకాండ తర్వాత దళిత ఉద్యమం కొత్త గొంతు తెచ్చుకుంది. 1994 జూలై 7న ఈదుముడి గ్రామంలో మాదిగ దండోరా మొదలైంది. దాని నాయకుడు మంద కృష్ణ తన పేరు చివర 'మాదిగ' అని చేర్చుకున్నారు; వేలమంది ఆ దారిన నడిచారు. రెడ్డి, చౌదరి, శర్మ ఉండగా లేనిది మాదిగ ఎందుకు ఉండకూడదు? శాంతరాజు తరం ఎదుటివాడి బిరుదును తీసుకుంది. దండోరా తరం తనను తిట్టిన మాటనే బిరుదు చేసుకుంది. 'నీగ్రో' అన్న మాటను వదిలి 'బ్లాక్' అని ఎలుగెత్తిన అమెరికా యువతరం చేసిందీ ఇదే. మొదటిది లేకుండా రెండవది సాధ్యమయ్యేదని నేను అనుకోను.

5

'పేరు మారితే కూలి పెరుగుతుందా?' అని అడిగే మిత్రులున్నారు. పెరగదు. పూల సుబ్బయ్య పేరు పెట్టినంత మాత్రాన వెలిగొండ నీళ్ళు పొలాలకు పారలేదు. 1996లో శంకుస్థాపన జరిగిన ఆ పథకం కోసం ఈ నేల దశాబ్దాలపాటు ఎదురుచూసింది. పేరు పునాదిని మార్చదు. కాని పునాదిని మార్చడానికి లేచే మనిషి ముందుగా తనను తాను ఎవరని అనుకుంటున్నాడో అది చెబుతుంది.

రచయితలుగా మనకు ఇందులో పని ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'లో రామదాసు కొడుకులు సంగదాసు, వెంకటదాసు. భక్తి సంప్రదాయం ఇచ్చిన ఆ 'దాసు'ను వదిలి వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడు కావడంలోనే నవల నడక అంతా ఉంది. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం'లో ఎల్లన్న, శివయ్య, రూబేను, ఇమ్మానుయేలు, జెస్సీ అని తరాల పేర్లు వరుసగా చదివితే చాలు, కరువూ కాలువా చర్చీ ఉద్యమమూ కళ్ళ ముందు నిలుస్తాయి. 2023లో వచ్చిన 'మార్టిన్ లూథర్ కింగ్' సినిమాలో సరైన పేరే లేని చెప్పులు కుట్టేవాడికి ఓటరు గుర్తింపు కోసం ఆ పేరు పెడతారు. అసలు ఆ పేరు గల మహానుభావుడు కూడా మైఖేల్‌గా పుట్టి, 1934లో తండ్రి పేరు మార్చడం వల్ల మార్టిన్ లూథర్ అయినవాడే.

ఇలాంటి ఎరుక ఉన్న రచనలు తక్కువ. మన కథల్లో పాలేరు ఇంకా 'రంగడు', 'వెంకడు'గానే వస్తున్నాడు. వాడు ఏ ఊరివాడో, వాడికి ఆ పేరు ఏ మొక్కు వల్ల వచ్చిందో, బడిలో ఏ పేరు ఉందో, ఇంట్లో తల్లి ఏమని పిలుస్తుందో రచయితకు తెలియదు. పాత్రను ఏకవచనంలో నడిపే కథకుడు, తనకు తెలియకుండానే, దొర అరుగు మీద కూర్చుని కథ చెబుతున్నాడు. సాహిత్య విద్యార్థులు తమ తమ ఊళ్ళలో మూడు తరాల పేర్లను, వాటి వెనుక కథలతో సహా, సేకరించాలని నా కోరిక. పాత బడుల హాజరుపట్టీలు చెదలు పట్టక ముందే, ఆ పేర్లు పెట్టిన అవ్వలు ఉండగానే ఆ పని జరగాలి. అందులో ఉన్న చరిత్ర ఏ శాసనంలోనూ దొరకదు.